రాజుగారి తోటలో నేను పంచిన గ్లాసులు

మా క్రైస్తవ సంఘంలో ప్రభువు బల్లకు, అంటే ఆయన మరణాన్ని తలచుకుని రొట్టె, రసం పంచుకునే ఆరాధనకు, ద్రాక్షారసం సిద్ధం చేసే పని ఇరవై ఆరేళ్ళు నేనే చేశాను. నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. దానికి ముందు శుక్రవారం సాయంత్రం ఎండు ద్రాక్ష కడిగి నానబెట్టేదాన్ని. శనివారం సన్నని సెగ మీద ఉడికించి, చల్లారాక తెల్ల గుడ్డలో వడగట్టి సీసాలకు నింపేదాన్ని. రసం పులియకూడదు. మావాళ్ళు బాప్తిస్మం తీసుకునేటప్పుడు నడుము లోతు నీళ్ళలో నిలబడి, మత్తు కలిగించేది ఏదీ నోట పెట్టనని అందరి ముందూ మాట ఇస్తారు. పదిహేనో ఏట నేనూ ఇచ్చాను. ఆ మాట తప్పలేదు.

ఆదివారం ఆ రసాన్ని చిన్న గాజు గ్లాసుల్లో పోసి, పళ్ళెంలో పేర్చి, పాట అయ్యాక వరసల వెంట తీసుకెళ్ళేదాన్ని కూడా నేనే. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గ్లాసు అందుకున్నవాళ్ళు వెంటనే తాగరు. తల వంచుకుని, గ్లాసు గుండెల దగ్గర పట్టుకుని, ఆఖరి వరసలో ఆఖరి మనిషికి అందేదాకా ఆగుతారు. అప్పుడు పాస్టరు ప్రార్థన చేశాక అందరూ ఒకేసారి తాగుతారు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలెక్కి బర్మాకు వచ్చి, యాంగోన్ బియ్యం మిల్లుల్లో మూటలు మోసినవాళ్ళు. మేస్త్రీలు తిన్నాక మిగిలింది తిన్నవాళ్ళు. దేవుడి బల్ల దగ్గరైనా ముందు వరస, వెనక వరస ఉండకూడదని వాళ్ళు పెట్టుకున్న పద్ధతి అది.

అంటురోగం వచ్చి పజుండౌంగ్‌లోని మా ప్రార్థన హాలు మూతపడింది. ఇవాళో రేపో తెరుస్తారనుకుంటుండగా సైన్యం అధికారం పట్టుకుంది. వీధులు మనుషులతో నిండాయి, తుపాకులు మోగాక ఖాళీ అయ్యాయి. నలుగురు ఒకచోట చేరాలంటే వార్డు ఆఫీసు అనుమతి ఉండాలి. ఆ రెండేళ్ళలో పాటలు ఫోన్లో పాడుకున్నాం, ప్రార్థనలు ఫోన్లో చేసుకున్నాం. రొట్టె, రసం మాత్రం ఫోన్లో అందవు. బల్ల ఒక్కసారి కూడా జరగలేదు. అసలు ఎండు ద్రాక్షే దొరకడం మానేసింది. లమ్మడా హోల్‌సేల్ బజారులో నాకు తెలిసిన దుకాణాలన్నీ అడిగాను. ఓడలు రావడం లేదన్నారు, బ్యాంకులు తెరవడం లేదన్నారు. ఒకాయన డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు చూపించాడు. వాటికి పురుగు పట్టింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. పెద్దమ్మ ఫోను చేయకపోయి ఉంటే ఇంకా ఓర్చుకునేదాన్నేమో.

పెద్దమ్మ నాకు రక్త సంబంధం కాదు. సంఘమంతా ఆవిడను అలాగే పిలుస్తుంది. పజుండౌంగ్ కాలవ అవతల తాకేటాలో కోడలి దగ్గర ఉండేది. ఎనభై నాలుగేళ్ళు. నాకు ఆరేళ్ళప్పుడు ఆదివారపు బడిలో అక్షరాలు దిద్దించి, వచనాలు బట్టీ పట్టించింది ఆవిడే. బల్ల పళ్ళెం ఎలా పట్టుకోవాలో, బొటనవేలు గ్లాసు అంచుకు తగలకుండా ఎలా అందించాలో నేర్పింది కూడా ఆవిడే. ఆ చలికాలం మంచం పట్టింది. డాక్టరు గుండె అలిసిపోయిందని చెప్పి, ఇంటి దగ్గరే ఉంచుకోమన్నాడట.

"రొండేళ్ళయిపోనాదే గుంటా, బల్ల తీసుకుని," అంది ఫోన్లో. అరవై దగ్గర పడినా ఆవిడకు నేను గుంటనే, చిన్నపిల్లనే. "ఇలగే ఎలిపోతానేటే?"

"అలగనకు పెద్దమ్మా. నాను సూస్తాను."

"బేగి సూడు. నాకాడ టయం లేదు."

ఆవిడకు వేరే కోరిక లేదు. కొడుకులు పోయారు, ఆస్తులు లేవు. పోయేలోగా ఒక్కసారి ఆ ముక్క, ఆ గుక్క. నాకు ఇంతకంటే పెద్ద పని ఏముంటుంది? ఆ మధ్యాహ్నమే పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను.

పాస్టరుగారు నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. నా ఆదివారపు బడిలో మొదటి బల్ల మీద కూర్చుని, ముక్కు కారుస్తూ వచనాలు ఒప్పజెప్పినవాడే. చదువుకుని అభిషేకం పొంది వచ్చాక నేను 'గారు' అనడం మొదలుపెట్టాను. ఆయన మాత్రం నన్ను అక్కా అనే పిలుస్తాడు. పెద్దమ్మ సంగతి చెప్పాను. ఎండు ద్రాక్ష లేదని కూడా చెప్పాను. మా సంఘంలో రొట్టె, రసం ఆశీర్వదించి ఇచ్చే అధికారం అభిషేకం పొందినవారికే ఉంది. కాబట్టి నాకు రెండూ కావాలి, రసమూ ఆయనా.

ఆయన కాసేపు ఆలోచించి, "పచ్చి ద్రాక్షే దొరికితే?" అన్నాడు.

"ఎక్కడ?"

"ఊరికి ఉత్తరాన, విమానాశ్రయం దాటాక రాజుగారి తోట ఉంది. ఒక కంపెనీ బాగుచేసింది. ద్రాక్షతోట, మేడ, పూలతోట, అన్నీ తిప్పి చూపిస్తారు. వైన్ టూర్ అంటారులే. మన బోటివాళ్ళని, మతసంఘాలవాళ్ళని ఉచితంగా పిలుస్తున్నారు. వెళ్ళేటప్పుడు పళ్ళిచ్చి పంపుతారు."

"వైనా? మనమా?"

"వైన్ జోలికి మనం ఎందుకెళ్తాం అక్కా? తోట చూస్తాం, ఒక పాట పాడతాం, పళ్ళు తెచ్చుకుంటాం. పదిహేను మంది ఉంటే చాలన్నారు. నేను పిలిస్తే సాకులు చెప్తారు. నువ్వు పిలిస్తే ఒస్తారు." ఆ మాటలో అబద్ధం లేదు. "తెల్లబట్టలు కట్టుకుని రమ్మను. ఆ వారం శనివారమే నేను తాకేటా ఒచ్చి పెద్దమ్మకి బల్ల ఇస్తాను. మాట."

పద్నాలుగు మందిని నేనే ఇల్లిల్లూ తిరిగి ఒప్పించాను. అందరూ ముసలివాళ్ళు, సగం ముసలివాళ్ళు. ఎక్కడికని ఎవరూ గుచ్చి అడగలేదు. నేను వెళ్తున్నానంటే చాలనుకున్నారు.

రోజు మాత్రం ఆయన ముందు చెప్పలేదు. ఒక సోమవారం సాయంత్రం ఫోను చేసి, "రేపే అక్కా. వ్యాన్లు ఒస్తాయి," అన్నాడు.

మర్నాటికి సైన్యం వచ్చి ఏడాది నిండుతుంది. ఆ రోజు పది గంటల నుంచి నాలుగు దాకా ఎవరూ గడప దాటకూడదని ఊరంతా అనుకుంది. ఊరేగింపులకు తుపాకులతో జవాబు చెప్పినవాళ్ళకు, ఖాళీ వీధులతో జవాబు చెప్పాలని. దుకాణాలు మూస్తే లైసెన్సు తీసేస్తామని సర్కారువాళ్ళు మైకుల్లో చెప్పుకుంటూ తిరిగారు. అయినా మూస్తారని అందరికీ తెలుసు. నేనూ మూసేదాన్నే. మా మెట్ల కింద పొద్దున్నే ఇడ్లీలు అమ్ముకుంటాను, ఆ రోజుకు పప్పు నానబెట్టలేదు.

మా అమ్మాయి సర్కారు బడిలో టీచరుగా చేసేది. సైన్యం కింద పాఠం చెప్పనని మొదటి నెలలోనే మానేసి ఊరేగింపుల్లో నిలబడింది, వీధులు ఖాళీ అయినప్పటి నుంచి ఇంట్లోనే ఉంటోంది. వీధిలో పిల్లలు దాన్ని ఇప్పటికీ సయామా అనే పిలుస్తారు, టీచరమ్మా అని. నేను తెల్లచీర ఇస్త్రీ చేస్తుంటే వచ్చి నిలబడింది.

"రేపు ఈ వీధిలో పిల్లి కూడా బయటికి రాదమ్మా."

"నాను పెద్దమ్మ కోసం ఎల్తన్నాను."

"ఆ రోజే ఎందుకు పిలిచారో అడిగావా సయాని?" పాస్టరుగారిని అది సయా అంటుంది.

"తోటవాళ్ళకి ఆ రోజే కుదిరినాదట."

"ఊరంతా తలుపులేసుకున్న రోజే వాళ్ళకి చుట్టాలు కావాల్సొచ్చారా? వాళ్ళకి కావాల్సింది వీధిలో మనుషులమ్మా."

"నువ్వు బడి మానీసినావు, నీ మనస్సాక్షి అన్నావు. నాకూ ఒకటుంది. అది పెద్దమ్మ కాడికి ఎల్లమంటంది."

"తోబీ," అంది బర్మా మాటలో, ఇక చాలని. లోపలికి వెళ్ళి గది తలుపు వేసుకుంది.

నాకు అప్పుడు చిన్న గర్వం కలిగింది. లోకం ఒక వైపు పిలుస్తుంటే ప్రభువు పనికి వెళ్తున్నాననుకున్నాను. ఆ గర్వం గురించి తర్వాత చాలాసార్లు మోకాళ్ళ మీద ఒప్పుకున్నాను.

మర్నాడు పదకొండు గంటలకు రెండు తెల్ల వ్యాన్లు వచ్చాయి. పాస్టరుగారు రాలేదు. జ్వరమని, మమ్మల్ని వెళ్ళమని డ్రైవరు చేత చెప్పించాడు. వీధిలో సైకా, అదే సైకిల్ రిక్షా, ఒక్కటి లేదు. టీ కొట్ల ముందు చిన్న ప్లాస్టిక్ బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసు వేసి ఉన్నాయి. ఎదురింటి రెండో అంతస్తులో రోజూ నా దగ్గర ఇడ్లీలు కొనే బర్మా ఆవిడ కిటికీ దగ్గర నిలబడి ఉంది. అలవాటుగా చెయ్యి ఊపాను. ఆవిడ నా చీర చూసింది, వ్యాను చూసింది, కిటికీ మూసేసింది. అందరం వ్యాన్లు ఎక్కాం. అంత పెద్ద ఊళ్ళో మా రెండు బండ్లే కదులుతుంటే, ఎవరి ఇంట్లోనో చావు జరిగి మేమొక్కళ్ళమే పెళ్ళికి వెళ్తున్నట్టుంది.

తోట గేటు మీద బంగారు రంగు పూసిన అంచెల గోపురం, దాని కింద గన్నేరు చెట్లు. లోపల ఒక అమ్మాయి తల్లో పువ్వు పెట్టుకుని, చేతిలో మైకు పట్టుకుని మా కోసం ఎదురుచూస్తోంది. బర్మాలో చక్కగా మాట్లాడింది. ఇంగ్లీషువాళ్ళు రాజుని పట్టుకుని సముద్రం దాటించినప్పుడు చిన్న యువరాజు ఒకణ్ణి ఈ ఊరికి తెచ్చి ఉంచారట. ఇచ్చిన భత్యంలో మిగుల్చుకుని ఈ తోట వేయించాడట. తన వాళ్ళ కోటలో ఉన్న పూలమొక్కలన్నీ జ్ఞాపకం పెట్టుకుని ఏ వరసలో ఉండేవో ఆ వరసలోనే నాటించాడట. విదేశీ పాదిరీ ఒకాయన తెచ్చిచ్చిన ద్రాక్ష కొమ్మలు మేడ వెనక పాతించాడట. మధ్యలో బాతుల ఫారం పెట్టారని, తర్వాత అడవైపోయిందని, ఇప్పుడు మళ్ళీ రాజవైభవం వచ్చిందని చెప్పింది. మేడ మాత్రం కొత్త సిమెంటుది. గోడకు చెయ్యి ఆనిస్తే రంగు అంటుకుంది.

కానీ పందిరి చూడగానే నేను అన్నీ మర్చిపోయాను.

నలభై ఏళ్ళు ఆదివారపు బడిలో పిల్లలకు ద్రాక్షతోట గురించి చెప్పాను. గోడ కట్టినవాడి గురించి, గానుగ తొలిపించినవాడి గురించి, సాయంత్రం వచ్చినా పొద్దున్న వచ్చినవాడితో సమానంగా కూలి తీసుకున్నవాడి గురించి. నల్లబల్ల మీద తీగ గీసేదాన్ని, ఆకులు గీసేదాన్ని. ఒక్కసారి కూడా ద్రాక్షతోట చూడలేదు. మా ఊరి వానల్లో ద్రాక్ష పెరగదనే అనుకున్నాను. ఇప్పుడు తల మీద మనిషి చెయ్యంత లావు తీగలు, అరచెయ్యంత ఆకులు, ఆకుల మధ్య నల్లటి గుత్తులు. ఆకుల సందుల్లోంచి ఎండ నా చీర మీద పడుతోంది. నేను గీసిన ఆకులు తప్పని తెలిసింది. వాటి అంచులకు అన్ని పళ్ళుంటాయని నాకు తెలియదు. కళ్ళు నిండాయి. పెద్దమ్మను ఎత్తుకొచ్చి ఈ పందిరి కింద పడుకోబెడితే బాగుండుననుకున్నాను.

"ఆంటీ, మీరు కొయ్యండి," అని ఆ అమ్మాయి నాకు కత్తెర ఇచ్చింది. ఎవరో ఫోటోలు తీస్తున్నారు, ఇద్దరు ముగ్గురు. తోటకు వచ్చినవాళ్ళకు తీస్తారనుకున్నాను. మడమలెత్తి ఒక గుత్తి పట్టుకున్నాను. కాడ దగ్గర వేలికి ఏదో తగిలింది. ఆకుపచ్చ దారం. గుత్తిని కొమ్మకు కట్టారు. పక్క గుత్తి చూశాను, దానికీ దారమే. కొమ్మ ఎక్కడా కాయలేదు. బజారు నుంచి తెచ్చిన పళ్ళు, మా కోసం కట్టినవి.

నేను అప్పుడు కత్తెర కింద పెట్టాల్సింది. పెట్టలేదు. ఎక్కడ కాసినా ద్రాక్ష ద్రాక్షే, పెద్దమ్మకు కావలసింది రసమేనని నాకు నేను చెప్పుకున్నాను. దారం కత్తిరించాను, గుత్తి నా దోసిట్లో పడింది, నవ్వాను. ఆ నవ్వు నిజమైనదే. పళ్ళు చేతికొచ్చాయి, శనివారం దగ్గర్లోనే ఉంది.

తర్వాత మమ్మల్ని పందిరి చివర వరసగా నిలబెట్టి పాట పాడమన్నారు. పాడాం. రెండేళ్ళ తర్వాత ఒకరి గొంతు ఒకరికి పక్కన వినబడేలా పాడాం. నా పక్కనున్న ముసలాయన ఏడ్చేశాడు. ఆ పాట గాలిలో ఉండగానే తోట మనిషి ఒకడు పళ్ళెం తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు. గుండ్రని పళ్ళెం, తెల్ల గుడ్డ, దాని మీద పదిహేను చిన్న గాజు గ్లాసులు, అడుగున రెండు వేళ్ళ ఎత్తున ఎర్రటి రసం.

ఎలా చెప్పను? నేను ఏమీ ఆలోచించలేదు. ఇరవై ఆరేళ్ళుగా పాట అయ్యాక నా ముందు పళ్ళెం ఉంటే నా చేతులు ఏం చేస్తాయో అదే చేశాయి. పళ్ళెం ఎత్తాను. వరస మొదట్లోకి వెళ్ళాను. బొటనవేలు అంచుకు తగలకుండా ఒక్కొక్కరికీ అందించాను. వాళ్ళూ అంతే. తల వంచారు, గ్లాసు గుండెల దగ్గర పట్టుకున్నారు, ఆగారు. ఆఖరి మనిషికి అందించి, నా గ్లాసు నేను తీసుకుని వరసలో నిలబడ్డాను. పదిహేను మందిమి తెల్లబట్టల్లో, రాజుగారి పందిరి కింద, చేతుల్లో వైను గ్లాసులతో, తలలు వంచుకుని. కెమెరాలు అప్పుడు టకటకమన్నాయి. ప్రార్థన కోసం ఎదురుచూస్తున్నాం మేము. చేసేవాడు లేడు.

మొదట వాసన పట్టింది ముసలాయనే. "అక్కా, ఇది పులిసినాదే," అన్నాడు మెల్లగా. గ్లాసు దించాను. అందరూ దించారు. ఒక్కరు కూడా తాగలేదు. తోటవాళ్ళ పని అయిపోయింది. ఒక బుట్ట పళ్ళిచ్చి వ్యాను ఎక్కించారు.

సాయంత్రం నేను వంటింట్లో పళ్ళు కడుగుతుంటే మా అమ్మాయి వచ్చి ఫోను నా ముందు పెట్టింది. ఒక సర్కారు పత్రిక వేసిన ఫోటో. మొదట్లో నేను, ద్రాక్షగుత్తితో నవ్వుతూ. దాని కింద ఇంకొకటి, వరస, గ్లాసులు, పళ్ళెం పట్టుకుని నేను. నగరం ప్రశాంతంగా ఉందని, వివిధ మతాల ప్రజలు రాజోద్యానంలో ద్రాక్షసారా రుచి చూస్తూ సెలవు రోజులా గడిపారని రాశారు. దాని కింద జనం రాసిన మాటలు చదవబోయాను. అమ్మాయి ఫోను తీసేసుకుంది.

"చదవొద్దులే," అంది. అది తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఇడ్లీలు ఒక్కటి కూడా పోలేదు. ఎదురింటావిడ మెట్ల ముందు నుంచే నడిచి చివరి సందులో కొట్టుకు వెళ్ళింది. గిన్నె మూత పెట్టేసి నేరుగా పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను.

ఆయన వరండాలో కూర్చుని చేపల పులుసుతో అన్నం తింటున్నాడు. లేవబోయాడు. నేను దగ్గరికెళ్ళి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను, చిన్నప్పుడు బడిలో చూసినట్టే. చల్లగా ఉంది.

"నిన్న తగ్గినాది," అన్నాడు.

"ఫోటోలు తీస్తారని నీకు తెలుసా?" గారు అనడం మర్చిపోయాను.

ఆయన చెయ్యి కడుక్కుని లోపలికెళ్ళి ఒక కాయితం తెచ్చాడు. వార్డు ఆఫీసు ముద్ర ఉంది. ఈ ఆదివారం నుంచి హాలు తెరుచుకోవచ్చు.

"రెండేళ్ళు తిరిగితే రానిది ఇది. మొత్తం సంఘం కోసం చేశాను అక్కా."

"మరి నువ్వెందుకు రాలేదు?"

"పాస్టరు ఫోటో పడితే సంఘానికి చెడ్డపేరు గదా."

"నా ఫోటో పడితే?"

ఆయన అటూ ఇటూ చూశాడు. "నిన్ను వెళ్ళమన్నాను గానీ, గ్లాసులు పంచమన్నానా అక్కా?"

నా దగ్గర వచనాలు నేర్చుకున్నవాడు నా చేతులకు ఏం అలవాటో నాకంటే బాగా ఎరిగినవాడు. పళ్ళెం పెట్టమని తోటవాళ్ళకు చెప్పింది ఆయనేనా అని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు. అడిగితే కాదంటాడు. నమ్మాల్సొస్తుంది.

"శనివారం ఒస్తావా తాకేటా?" అని మాత్రం అడిగాను.

"మాటిచ్చాను గదా."

శుక్రవారం ఆ పళ్ళు ఉడికించాను. పారేద్దామని రెండుసార్లు గిన్నె ఎత్తాను. మా అమ్మాయి పక్కన నిలబడి చూస్తూ, "ముసలావిడ ఏం పాపం చేసింది? వడగట్టు," అంది. గుడ్డ రెండో అంచు అదే పట్టుకుంది.

శనివారం ఫ్లాస్కులో రసం, డబ్బాలో పులియని రొట్టె పెట్టుకుని బస్సెక్కాను. వంతెన మీద సైనికులు బస్సు ఆపి అందర్నీ దించారు. ఒకడు ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి, ఇదేమిటన్నాడు. ముసలావిడకు ద్రాక్ష నీళ్ళన్నాను. పొమ్మన్నాడు.

పెద్దమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. తల దువ్వించుకుంది, ఉతికిన రవిక వేసుకుంది. కోడలు చిన్న బల్ల మీద తెల్ల గుడ్డ పరిచింది. ఫోటో సంగతి ఆవిడకు చెప్పాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. అవసరం లేకపోయింది.

"ఓలే గుంటా, గ్లాసులు పంచినావంట?"

"పంచినాను పెద్దమ్మా." బల్ల పక్కన కూలబడ్డాను. దారాల సంగతి, పళ్ళెం సంగతి, కాయితం సంగతి అంతా చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది.

"ఆకరోడికి అందినాదా?"

"అందినాది."

"మజ్జిలో ఎవులైనా తాగీసినారేటి?"

"లేదు. అందరూ ఆగినారు."

"అయితే పాటం బాగానే సెప్పినాను," అంది. నవ్వితే దగ్గొచ్చింది. కోడలు వీపు నిమిరింది. తర్వాత తలుపు వైపు చూసి, "మరి ఆడేడీ? నీ సిష్యుడు?"

పదకొండయింది, పన్నెండయింది. పన్నెండున్నరకు ఫోను వచ్చింది. వంతెన మీద తనిఖీ చేస్తున్నారని, ఆ ఫోటో తర్వాత సైన్యంవాళ్ళూ, వాళ్ళకు ఎదురు తిరిగినవాళ్ళూ తన మీద కన్నేశారని, ఇప్పుడు రావడం మంచిది కాదని, వచ్చే వారం చూద్దామని అన్నాడు.

"వచ్చే వారం దాకా ఆవిడ ఉండదు," అన్నాను. గోడవైపు తిరిగి, మెల్లగా. "నేను ఇవ్వనా? నువ్వు ఫోన్లో ప్రార్థన చెయ్యి."

"అదెలా అక్కా? నీకు తెలియనిదా? క్రమం అంటూ ఉంది గదా."

నాకు తెలుసు. ఆ క్రమాన్ని నేనే పిల్లలకు చెప్పాను. ఆయనకూ చెప్పాను. ఆయన ఏ మాట తప్పినా ఆ మాట మాత్రం సరిగ్గా గుర్తుపెట్టుకున్నాడు.

పెద్దమ్మకు నేను చెప్పక్కర్లేకపోయింది. "రాడు గదా," అంది. చాలాసేపు పైకప్పు వైపు చూసింది. "నువ్వే సెయ్యి."

"నాకు అదికారం లేదు పెద్దమ్మా."

"లేదు గదూ." కోపం లేదు ఆ గొంతులో. "నానే నేర్పినాను అదీను."

నేను బల్ల మీద గుడ్డ సర్దాను. సర్దిందే మళ్ళీ సర్దాను. ఆ రోజు నోరు తెరిచి నాలుగు మాటలు ప్రార్థన చేసి ఉంటే ఆకాశం విరిగి పడేది కాదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు చెయ్యలేకపోయాను. రోడ్డు మీద తుపాకుల ముందు మా అమ్మాయి నిలబడింది. నేను ఒక నియమం ముందు నిలబడలేకపోయాను.

రెండున్నరకు పెద్దమ్మ, "దాహంగా ఉందే," అంది.

నీళ్ళ కోసం లేచాను.

"నీళ్ళొద్దు. అది ఇయ్యి. బల్ల కాదులే, దాహానికే."

ఫ్లాస్కు మూతలో కొంచెం పోసి, తల కింద చెయ్యి పెట్టి తాగించాను. మూడు గుక్కలు. నేను ఏ మాటా అనలేదు. ఆవిడ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. ఏమనుకుందో అడగలేదు. కళ్ళు తెరిచి, "తియ్యగా ఉంది," అంది, "ఇంకేటి, నువ్వెల్లు. వంతెన మూసేస్తారు."

మరుసటి వారమూ పాస్టరుగారు రాలేదు. పదకొండో రోజున పెద్దమ్మ పోయింది. సమాధి దగ్గర పాస్టరుగారు ఆవిడ విశ్వాసం గురించి చాలా బాగా మాట్లాడాడట. నేను ఇంటి దగ్గర ఉండిపోయాను.

పెద్దమ్మకు రసం తాగించిన ఆ శనివారం, తిరుగు బస్సు వంతెన మీద ఆగి ఉండగా ఫోను మోగింది. పాస్టరుగారు. హాలు కడిగించానని, రెండేళ్ళ తర్వాత మొదటి ఆరాధన కదా, బల్ల కూడా పెడదామనుకుంటున్నానని అన్నాడు.

"రసం మిగిలినాదా అక్కా? రేపటికి చాలుతుందా?"

ఫ్లాస్కు నా ఒళ్ళో ఉంది. దాదాపు నిండుగా ఉంది. ఇంటి దగ్గర ఇంకో రెండు సీసాలున్నాయి.

"లేదు," అన్నాను. "పెద్దమ్మ తాగేసింది."

"మొత్తమా?"

"మొత్తం."

మరి రేపెలా అన్నాడు. ఫోను పెట్టేశాను. ఒక పాస్టరుకు నేను అబద్ధం చెప్పడం అదే మొదలు. దాని గురించి ఆయన్ను గానీ, పైవాణ్ణి గానీ ఇంతవరకు క్షమాపణ అడగలేదు.